పని చేసే చోట ప్రమాదకర రసాయనాల నిల్వ: ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

2023 నవంబరు 13, దీపావళి మరుసటి రోజు. హైదరాబాద్ నాంపల్లి పరిధిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో ఉదయం పూట మంటలు లేచాయి. అక్కడ రసాయనాల డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. పై అంతస్తుల్లో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. మంట, పొగ క్షణాల్లో పైకి పాకాయి. ఆ రోజే 9 మంది చనిపోయారు.

అంతకు ముందు ఏడాది, 2022 మార్చి 23 తెల్లవారుజామున, సికింద్రాబాద్ బోయిగూడలోని ఒక తుక్కు గోదాంలో మంటలు వచ్చి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక ఫార్మా అనుబంధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. అక్కడ యంత్రాలు పాతబడ్డాయని మృతుడు ముందే యాజమాన్యానికి చెప్పాడని, ఎవరూ పట్టించుకోలేదని ఒక బాధిత కుటుంబం పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో పేర్కొంది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. ప్రమాదం ఉందని తెలిసినవాళ్లు చాలా చోట్ల ముందే చెబుతారు. సేఠ్‌కి చెబుతారు, సూపర్‌వైజర్‌కి చెబుతారు, ఇంట్లో భార్యకు చెబుతారు. కానీ నోటితో చెప్పిన మాటకు తేదీ ఉండదు, నంబరు ఉండదు, జవాబు ఇవ్వాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు. అదే మాట కాగితం మీద, సరైన ఆఫీసుకు చేరితే ఒక అధికారి దాని మీద ఏదో ఒకటి రాయక తప్పదు. ఆ కాగితం ఎలా రాయాలో, ఎక్కడ ఇవ్వాలో తెలియకపోవడం వల్లే చాలామంది ఊరుకుంటున్నారు.

ప్రమాదకర రసాయనం అంటే ఏమిటి?

పెద్ద ఫ్యాక్టరీల్లో ట్యాంకుల్లో ఉండేవి మాత్రమే ప్రమాదకర రసాయనాలు అనుకుంటే పొరపాటు. సోఫా, చెప్పుల పనిలో వాడే సొల్యూషన్, పెయింట్ థిన్నర్, ఫైబర్ షీట్లు చేసే రెసిన్, నగల పనిలో వాడే నైట్రిక్ యాసిడ్, సెంటు కలిపే చోట వాడే స్పిరిట్, ప్లేటింగ్ షెడ్లలోని సైనైడ్... ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి.

మండే ద్రవాల విషయంలో చూడాల్సిన లెక్క ఫ్లాష్ పాయింట్. అంటే ఆ ద్రవం నుంచి వచ్చే ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత. థిన్నర్‌లో ఎక్కువగా ఉండే టోలీన్‌కు ఇది సుమారు 4 డిగ్రీల సెల్సియస్, మిథనాల్‌కు 11, ఎసిటోన్‌కు సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువ. అంటే మన దగ్గర చలికాలంలో కూడా ఇవి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటాయి. ఫైబర్ పనిలో వాడే పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది. దాని ఫ్లాష్ పాయింట్ 31 డిగ్రీల దగ్గర. ఎండాకాలం రేకుల షెడ్డులో అంతకంటే ఎక్కువ వేడే ఉంటుంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ట్యాంకు నుంచి లీకై 12 మంది ప్రాణాలు తీసింది ఈ స్టైరీన్ ఆవిరే.

ఈ ద్రవాల ఆవిరి గాలి కంటే బరువైనది. నేల వెంట పాకుతుంది, మెట్ల కింద, సెల్లార్‌లో పేరుకుంటుంది. డ్రమ్ము ఒక మూలన ఉంటే, పది అడుగుల దూరంలో ఉన్న వెల్డింగ్ రవ్వ, వంట పొయ్యి, స్కూటర్ ఛార్జింగ్ ప్లగ్ చాలు.

ఏది దేని పక్కన పెట్టారన్నదీ చూడాలి. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. సైనైడ్‌లో యాసిడ్ పడితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సైనైడ్ వస్తుంది. ఫైబర్ పనిలో వాడే పెరాక్సైడ్ హార్డనర్, కోబాల్ట్ నేరుగా కలిస్తే పేలిపోతాయి. ఇవి ఒకే అరలో ఉంటే ఫిర్యాదులో ఆ సంగతి తప్పకుండా రాయాలి.

డ్రమ్ము మీద ఏం చూడాలి?

రసాయనం పేరు తెలియకపోయినా డ్రమ్ము చాలా చెబుతుంది. ఎర్ర అంచు ఉన్న డైమండ్ ఆకారపు గుర్తులు చూడాలి. మంట బొమ్మ ఉంటే అంటుకునేది. పుర్రె ఉంటే విషం. చేతి మీద చుక్క పడుతున్న బొమ్మ ఉంటే చర్మాన్ని, లోహాన్ని తినేసేది. వృత్తం మీద మంట ఉంటే ఇతర వస్తువుల మంటను పెంచేది.

రవాణా కోసం వేసే నాలుగంకెల యూఎన్ నంబరు కూడా డ్రమ్ము మీద ఉంటుంది. 1090 ఉంటే ఎసిటోన్, 1294 టోలీన్, 1230 మిథనాల్, 2055 స్టైరీన్, 1017 క్లోరిన్, 1005 అమోనియా. ఈ నంబరు రాసిస్తే అగ్నిమాపక సిబ్బందికి నీళ్లు వాడాలా, ఫోమ్ వాడాలా అన్నది తెలుస్తుంది.

ప్రతి రసాయనంతో పాటు తయారీదారు సేఫ్టీ డేటా షీట్ ఇస్తారు. అందులో 16 భాగాలు ఉంటాయి. 4వ భాగంలో ప్రథమ చికిత్స, 5వ దాంట్లో మంట ఆర్పే పద్ధతి, 7వ దాంట్లో నిల్వ చేసే తీరు, 10వ దాంట్లో దేనితో కలపకూడదో ఉంటుంది. ఈ షీట్ చూపించమని అడిగే హక్కు పనివాళ్లకు ఉంది. లేబుల్ చింపేసి, షీట్ లేదని చెప్పారంటే అదే ఫిర్యాదులో మొదటి పాయింటు.

ఆధారం కోసం మూత తీయడం, వాసన చూడటం, సీసాలో నమూనా పట్టడం చేయకూడదు. వాసన ఘాటుగా ఉన్న గదిలో ఫొటో కోసం కూడా వెళ్లకూడదు. నమూనా తీయడం అధికారుల పని.

లీకవుతుంటే కాగితం కాదు, ఫోన్

డ్రమ్ము కారుతున్నా, కళ్లు మండుతున్నా, పొగ వస్తున్నా అర్జీ రాస్తూ కూర్చోకూడదు. ముందు అందరూ బయటికి రావాలి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, ఆ వైపుకు దూరంగా వెళ్లి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. గాయపడినవాళ్లు ఉంటే 108. లోపల స్విచ్ వేయడం, తీయడం రెండూ చేయకూడదు. ఆ చిన్న రవ్వే చాలు.

ఫోన్‌లో ఈ నాలుగు విషయాలు చెప్పాలి: కచ్చితమైన చిరునామా, ఏ రసాయనం లేదా డ్రమ్ము మీది నంబరు, సుమారు ఎన్ని డ్రమ్ములు, లోపల లేదా పైన ఎంతమంది ఉన్నారు. గల్లీ ఇరుకైతే ఫైరింజన్ ఎటు నుంచి రాగలదో కూడా చెప్పాలి. ఒంటి మీద పడితే ఆ బట్టలు తీసేసి, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి.

చట్టం ఏమంటోంది?

1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియలపై ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చారు. అందులోని 41హెచ్ సెక్షన్ పనివాళ్లకు ఒక హక్కు ఇచ్చింది. ప్రాణానికి, ఆరోగ్యానికి వెంటనే ముప్పు ఉందని సహేతుకంగా అనిపిస్తే యాజమాన్యానికి చెప్పొచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పొచ్చు. ముందు సేఠ్‌కి చెప్పి, ఆయన జవాబు కోసం ఎదురు చూడాల్సిన పని లేదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. పై హక్కు ఆ కోడ్‌లోని 14వ సెక్షన్‌లో కొనసాగుతోంది. ఇన్‌స్పెక్టర్‌ను ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అంటున్నారు. ముప్పు ఉన్న మాట నిజమేనని యజమాని ఒప్పుకుంటే వెంటనే సరిచేసి, ఏం చేశారో ఇన్‌స్పెక్టర్‌కు నివేదిక పంపాలి. ఒప్పుకోకపోతే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కే నివేదించాలి. ముప్పు ఉందా లేదా అన్నది ఆయన తేలుస్తారు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లు ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో అది 20 మంది. కరెంటు వాడనిచోట 20 నుంచి 40కి పెరిగింది. ఆరుగురు పని చేసే షెడ్డు ఈ లెక్కలో ఫ్యాక్టరీ కాదు. అంతమాత్రాన అక్కడ ఏ చట్టమూ లేదని కాదు. మున్సిపాలిటీ, ఫైర్, కాలుష్య నియంత్రణ, పెట్రోలియం చట్టాలు పనివాళ్ల సంఖ్య చూడవు.

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు జాబితాలోని రసాయనాలు, నిర్ణీత పరిమాణం దాటితే వర్తిస్తాయి. అలాంటి చోట లేబుళ్లు, డేటా షీట్లు, అత్యవసర ప్రణాళిక ఉండాలి, చుట్టుపక్కల జనానికి సమాచారం ఇవ్వాలి. 1996 నిబంధనల ప్రకారం ఇలాంటి పరిశ్రమలున్న జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన క్రైసిస్ గ్రూప్ ఉంటుంది.

పెట్రోల్, హెక్సేన్, టోలీన్ వంటి హైడ్రోకార్బన్ ద్రవాలకు 1934 పెట్రోలియం చట్టం వర్తిస్తుంది. 23 డిగ్రీల లోపు ఫ్లాష్ పాయింట్ ఉన్న ఎ తరగతి ద్రవాన్ని లైసెన్స్ లేకుండా ఉంచుకునే పరిమితి 30 లీటర్లే, అదీ అమ్మకానికి కాకపోతేనే. మామూలు ఇనుప డ్రమ్ము 200 లీటర్లది. అంటే ఒక్క డ్రమ్ముతోనే పరిమితి దాటిపోతుంది.

ఏ ఆఫీసుకు వెళ్లాలి?

ఇక్కడే చాలామంది తిరిగి తిరిగి అలసిపోతారు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతుంది. అందుకే ఒకే ఫిర్యాదు రాసి, సంబంధం ఉన్న అందరికీ ఒకేసారి కాపీలు ఇవ్వడం మంచిది.

ఫ్యాక్టరీల శాఖ: కంపెనీ, మిల్లు, ఫార్మా యూనిట్, పెద్ద షెడ్డు అయితే ముందు ఇక్కడికే. పనివాళ్ల రక్షణ, యంత్రాలు, నిల్వ తీరు చూసేది వీళ్లు.

అగ్నిమాపక శాఖ: దగ్గరలోని ఫైర్ స్టేషన్ అధికారికి, జిల్లా ఫైర్ ఆఫీసర్‌కు. మండే సరుకు, మూసేసిన దారులు, ఇళ్ల కింద గోదాం వంటివాటికి.

కార్పొరేషన్ లేదా మున్సిపాలిటీ: ట్రేడ్ లైసెన్స్ దేనికి తీసుకున్నారు, నివాస భవనాన్ని గోదాంగా వాడుతున్నారా అన్నది చూస్తుంది. కిరాణా లైసెన్స్ మీద కెమికల్ గోదాం నడుస్తుంటే ఇక్కడే తేలుతుంది. పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శి.

కాలుష్య నియంత్రణ మండలి: నాలాలో రసాయనం వదలడం, ఘాటు వాసన, అనుమతి లేకుండా నడిచే యూనిట్ల విషయం. తెలంగాణ మండలి ప్రధాన కార్యాలయం హైదరాబాద్ సనత్‌నగర్‌లో, ఆంధ్రప్రదేశ్ మండలిది విజయవాడలో ఉంది.

పెసో: పెట్రోలియం, గ్యాస్ సిలిండర్లు, పేలుడు పదార్థాల లైసెన్సులు చూసే కేంద్ర సంస్థ. ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్, హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది.

కలెక్టర్: తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారమే జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. అక్కడ నంబరు వేసి సంబంధిత శాఖకు పంపుతారు. ఏ శాఖది బాధ్యతో తెలియనప్పుడు ఇదే సులువైన దారి.

ఫిర్యాదులో ఏం రాయాలి?

కోపం కాదు, లెక్కలు రాయాలి. "చాలా ప్రమాదంగా ఉంది" అని రాస్తే అధికారికి ఏమీ తెలియదు. "20 డ్రమ్ములు, ఒక్కోటి 200 లీటర్లు, మొత్తం సుమారు 4,000 లీటర్లు" అని రాస్తే ఆయనకే చెమటలు పడతాయి. కళ్లతో చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయాలి. యజమాని గుణగణాలు, పాత గొడవలు, జీతం బాకీలు ఇందులో కలపకూడదు. అవి కలిస్తే కక్షతో రాశారని పక్కన పెట్టడానికి వీలవుతుంది. ఇలా రాసుకోవచ్చు:

"విషయం: జనావాసంలో మండే రసాయనాల నిల్వ, తక్షణ తనిఖీకి విజ్ఞప్తి.

ఫలానా డోర్ నంబరు, ఫలానా గల్లీ, ఫలానా గుర్తు పక్కన ఉన్న మూడంతస్తుల భవనం కింది భాగంలో గత నాలుగు నెలలుగా రసాయనాల డ్రమ్ములు నిల్వ చేస్తున్నారు. ఫలానా తేదీన చూసినప్పుడు 200 లీటర్ల డ్రమ్ములు సుమారు 20 ఉన్నాయి. వాటిపై మంట గుర్తు, 1294 అనే నంబరు ఉన్నాయి. కొన్నింటికి లేబుళ్లు లేవు. అదే గదిలో వెల్డింగ్ జరుగుతోంది. బయటికి ఒకటే దారి, అందులోనూ సరుకు పెట్టారు. పై అంతస్తుల్లో ఆరు కుటుంబాలు, వారిలో చిన్నపిల్లలు, నడవలేని వృద్ధులు ఉన్నారు. రాత్రి పూట నలుగురు పనివాళ్లు గోదాంలోనే పడుకుంటున్నారు. ఫలానా తేదీన యజమానికి చెప్పినా మార్పు లేదు.

వెంటనే తనిఖీ చేసి, సరుకును సురక్షిత స్థలానికి తరలించాలని, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. ఫిర్యాదుదారుల వివరాలు గోప్యంగా ఉంచగలరు. జతపరిచినవి: ఫొటోలు 3. కాపీలు: ఫైర్ ఆఫీసర్, మున్సిపల్ కమిషనర్, కాలుష్య నియంత్రణ మండలి, కలెక్టర్."

ఉర్దూలోనే రాయడం వచ్చినవాళ్లు ఉర్దూలోనూ ఇవ్వొచ్చు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష. అయినా తెలుగు కాపీ ఒకటి జతచేస్తే పని త్వరగా కదులుతుంది.

పేరు బయటపడితే?

అసలు భయం ఇదే. ఉద్యోగం పోతుంది, సేఠ్ అదే మొహల్లా వాడు, పెళ్లిళ్లలో ఎదురుపడాలి. ఈ భయం తీసిపారేయదగినది కాదు.

కార్మిక తనిఖీపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 81వ ఒప్పందాన్ని భారత్ 1949లోనే ఆమోదించింది. దాని ప్రకారం ఫిర్యాదు ఎవరు ఇచ్చారో ఇన్‌స్పెక్టర్ చెప్పకూడదు. ఫిర్యాదు వచ్చినందువల్లే తనిఖీకి వచ్చామని కూడా యజమానికి తెలియనివ్వకూడదు. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జి) కూడా, రహస్యంగా సమాచారం ఇచ్చినవారి గుర్తింపును బయటపెట్టకుండా ఆపే వీలు ఇస్తుంది.

కానీ ఆరుగురు పని చేసే షెడ్డులో ఎవరు చెప్పారో ఊహించడం కష్టం కాదు. అలాంటప్పుడు ఫిర్యాదు పనివాడి పేరు మీదే వెళ్లాలన్న నియమం ఏమీ లేదు. ఫైర్, మున్సిపాలిటీ, కాలుష్య మండలి, కలెక్టర్ దగ్గర ఏ పౌరుడైనా అర్జీ ఇవ్వొచ్చు. పై అంతస్తులో ఉండే కుటుంబం, పక్కింటివాళ్లు, కాలనీ సంఘం, మసీదు కమిటీ, దగ్గరలోని స్కూలు యాజమాన్యం కలిసి సంతకాలు పెడితే ఒక్కరి మీద ఒత్తిడి పడదు. యూనియన్ ఉన్న చోట యూనియన్ లెటర్‌హెడ్ మీద పంపడం అన్నిటికంటే మేలు.

అద్దెకిచ్చే ఇంటి యజమానులకు ఒక మాట

కింది భాగాన్ని గోదాంకు ఇస్తే ఇంటి అద్దె కంటే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి. కానీ అద్దె ఒప్పందంలో ఏ సరుకు పెడతారో రాయించుకోకపోతే ప్రమాదం జరిగిన రోజు పోలీసు కేసులో యజమాని పేరు కూడా ఉండొచ్చు. బిల్డింగ్‌కు అగ్నిప్రమాద బీమా ఉన్నా, నివాసం అని చూపించి కెమికల్ నిల్వకు వాడితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. ఒప్పందంలో "మండే, విష రసాయనాలు నిల్వ చేయరాదు, తనిఖీకి యజమానికి అనుమతి ఉంటుంది" అన్న రెండు షరతులు ఉంటే ఖాళీ చేయించడం సులువవుతుంది.

ఇచ్చాక ఏం చేయాలి?

చేతికి ఇస్తే రెండో కాపీ మీద తేదీ, ముద్ర, సంతకం తీసుకోవాలి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచాలి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

రెండు వారాల్లో కదలిక లేకపోతే పాత అర్జీ నంబరు వేసి మళ్లీ రాయాలి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడగొచ్చు: తనిఖీ ఏ తేదీన జరిగింది, నివేదిక కాపీ ఇవ్వండి, ఆ స్థలానికి ఏయే లైసెన్సులు ఉన్నాయి. జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. ఈ దరఖాస్తు మీద పేరు, చిరునామా ఉంటాయి కాబట్టి పనివాడి బదులు ఇంకెవరైనా వేయడం మంచిది.

అయినా కదలకపోతే, పర్యావరణానికి సంబంధించిన కేసైతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది. విశాఖ ఘటనలో ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని, మరుసటి రోజే 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. లాయర్ ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక విపత్తు బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

ఒకవేళ ప్రమాదం జరిగిపోతే, 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద బాధితులు కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర పదార్థాలు ఉంచే యజమానులు ఈ బీమా తప్పనిసరిగా తీసుకోవాలి. తప్పు ఎవరిదో నిరూపించాల్సిన పని లేకుండా సాయం అందుతుంది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఇది బయటి జనానికి. అక్కడ పని చేసేవాళ్లకు ఈఎస్ఐ గానీ, ఉద్యోగుల నష్టపరిహార నిబంధనలు గానీ వేరుగా వర్తిస్తాయి.

ముందుగా ఇచ్చిన ఫిర్యాదు కాపీ ఇక్కడ కూడా పనికొస్తుంది. ప్రమాదం గురించి మాకు తెలియదని యజమాని గానీ, ఆఫీసు గానీ అనకుండా అది అడ్డుకుంటుంది. అందుకే ఆ కాగితం, రసీదు, ఫొటోలు గోదాం ఉన్న భవనంలో కాకుండా వేరే చోట, బంధువుల ఇంట్లోనో, ఫోన్ నుంచి ఈమెయిల్‌కు పంపుకునో భద్రపరచుకోవాలి.